మొత్తం తిరగబడింది

హర్షిణిని ఆఫీసులో ‘రీఓపెన్’ అంటారు. ఆమె వెనకాలే అంటారు గానీ, రాయదుర్గంలోని ఆ మేడలో గోడలు కూడా గాజువే కావడం వల్ల వెనకాల అనే చోటు ఎక్కడా లేదు. కనుక ఆమెకు తెలుసు. తెలిసి, దాన్ని బిరుదుగా స్వీకరించింది.

ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టడం. తప్పులు పట్టడమనేది మన సమాజంలో ఇరుగుపొరుగులు, మేనత్తలు, పెళ్లి భోజనం చేసి చేయి కడుక్కుంటున్నవాళ్లు అనాదిగా ఉచితంగా అందిస్తున్న సేవ. దానికి జీతమూ, క్యాబూ, సాయంత్రం పూట సమోసా కూడా ఇచ్చే ఏర్పాటు సైబరాబాద్ వెలిశాక గానీ జరగలేదు. ప్రోగ్రాము రాసినవాడు తప్పు దిద్దేశానని చెప్పి కేసు మూసేస్తాడు. హర్షిణి దాన్ని మళ్లీ తెరుస్తుంది. అతను మళ్లీ మూస్తాడు. ఆమె మళ్లీ తెరుస్తుంది. ఇలా తెరిచీ తెరిచీ ఒక ప్రోగ్రామరును పెళ్లి కూడా చేసుకుంది. అతని పేరు చైతన్య, ఊరు ప్రొద్దుటూరు. ఒకే ఒక్క తప్పు మీద వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదప్రతివాదాలు ఇప్పటికీ కంపెనీ సర్వరులో భద్రంగా ఉన్నాయి; ప్రేమలేఖల స్థానంలో వాళ్లకున్నవి అవే. పెళ్లయితే ఇంట్లోనైనా కేసులు మూతపడతాయని చైతన్య ఆశపడ్డాడు. అమాయకుడు.

తప్పుల్లోనూ ఆమెది ఒక ప్రత్యేక శాఖ. వాళ్ల కంపెనీ యాప్ గల్ఫ్ దేశాలకు వెళ్తుంది. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడిచే భాష కాబట్టి, అక్కడికి పంపేముందు తెర మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పాలి. ఎడమనున్న మెనూ కుడికి రావాలి. వెనక్కి తీసుకెళ్లే బాణం ఎటు చూస్తోందో అటు కాక ఇటు చూడాలి. అయితే కొన్ని తిరగకూడదు: ఫోన్ నంబరు, గడియారం, కంపెనీ లోగో. ఏది తిరగాలి, ఏది తిరగకూడదు అన్న ధర్మసూక్ష్మంలో హర్షిణి మాట ఆ అంతస్తుకు శాసనం. మీటింగుల్లో ఆమె చెప్పేది ఎప్పుడూ ఒకటే.

“తిరిగితె మొత్తం తిరగాలె. మొత్తం తిరిగిన స్క్రీన్‌తోని ఎవరికీ పరేషాన్ లేదు. సగం తిరిగి సగం ఆగిందనుకో, గప్పుడు సచ్చినం.”

ఇంత నిశ్చయం ఆమెకు ఒంట్లోంచే వచ్చి ఉండాలి. ఆమెది ఎడమచేతి వాటం. శేరిలింగంపల్లి బడిలో రెండో తరగతి సారు ఆ చేతిని సంస్కరించే భారం తన మీద వేసుకుని, స్కేలు సాయంతో పనికి ఉపక్రమించాడు. సంగతి ఆమె తండ్రి ఎల్లేశానికి తెలిసింది. ఎల్లేశం బాలానగర్‌లో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. మర్నాడు డ్యూటీకి పోతూ పోతూ సైకిలును తిన్నగా సారు బల్ల దాకా నడిపించుకొచ్చాడు.

“సార్, గిది ఎడమ పక్క పెడల్. దీని మర ఉల్టా ఉంటది. తప్పు జరిగి ఉల్టా గాలే, గట్లనె కోస్తం. సీదా జేస్త అని బలం పెడితిరా, మొత్తం ఖరాబు. నా బిడ్డ చెయ్యి గూడ గంతే.”

సారు ఈ వాదనలోని తర్కాన్ని కాకుండా ఎల్లేశం చేతిలోని స్పానరును శ్రద్ధగా పరిశీలించాడు. స్కేలు ఆ తర్వాత కనిపించలేదు. ఇంట్లో మాత్రం ఒక ఒడంబడిక కుదిరింది: రాయడం ఎడమతో, తినడం కుడితో. హర్షిణి జీవితంలో ఇచ్చిన రాయితీ అదొక్కటే.

ఇంతటి మనిషి కడుపుతో ఉంది. అయిదో నెలలో ప్రొద్దుటూరు నుంచి అత్తగారు ఈశ్వరమ్మ ఒక బస్తా చెనిక్కాయలతో, అంతకన్నా బరువైన సలహాలతో దిగింది. కోడలి మీద ఆమెకు కోపమేమీ లేదు. కోడలు ఏ మాటకైనా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సరేనంటే చూడాలని మాత్రం ఉంది.

ఆ నెలలోనే టిఫా స్కాన్ అని ఒకటి చేస్తారు. బిడ్డను తల నుంచి కాలివేళ్ల దాకా అవయవం తర్వాత అవయవంగా చూసుకుంటూ పోతారు. ఆడో మగో మాత్రం చెప్పరు, చెబితే జైలు. ఆ సంగతి గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంటుంది. గుండె ఎటు పక్క ఉందో చెప్పకూడదని ఏ చట్టమూ లేదు. అయినా ఆ రోజు అది దాదాపు చెప్పకుండానే పోయింది.

స్కాన్ చేసిన డాక్టరు మంచి మనిషి. కూనిరాగం తీస్తూ పొట్ట మీద ప్రోబ్ జరుపుతున్నాడు. చైతన్య, ఈశ్వరమ్మ గోడవార కుర్చీల్లో కూర్చుని, అర్థం కాని బూడిదరంగు తెరను భక్తిగా చూస్తున్నారు. ఒకచోట కూనిరాగం ఆగింది. డాక్టరు తెర దగ్గరికి వంగి, ఒక మీట నొక్కాడు. రాగం మళ్లీ మొదలైంది.

“ఆఁ, ఇప్పుడు బాగుందండీ. గుండె ఎడమ పక్క, కడుపు సంచి ఎడమ పక్క. అంతా నార్మల్.”

“సార్,” అంది హర్షిణి పడుకునే. “లోగో గిటెందుకొచ్చింది?”

“ఏ లోగో అమ్మా?”

“మిషన్ కంపెనీది. ఇప్పటిదాంక స్క్రీన్‌కు ఎడమ మూలకుండె. మీరు బటన్ ఒత్తినంక కుడి మూలకు పోయింది. అంటె బొమ్మను తిప్పిన్రు.”

డాక్టరు నవ్వాడు. “తిప్పడం కాదమ్మా, సరి చేశాను. ప్రోబ్ తిరగేసి పట్టుకున్నట్టున్నా, బొమ్మ ఉల్టా వచ్చింది.”

“ప్రోబ్ ఉల్టా ఉండెనా, బిడ్డనే ఉల్టా ఉందా? మీకు ఎట్ల తెలిసింది సార్?”

“అలాంటి బిడ్డ పదివేలమందిలో ఒకరండీ. ప్రోబ్ తిరగేసి పట్టుకోవడం నేను అంతకంటే ఎక్కువసార్లే చేసుంటాను.”

ఇది నిజాయితీ గల లెక్కే. హర్షిణి ఒప్పుకుంది. “గా పదివేలల్ల ఒక్కరు ఏదో ఒక దవాఖానకు రావాలె గద సార్?”

“హర్షీ,” అన్నాడు చైతన్య మెల్లగా. “డాక్టరే నార్మల్ అంటుంటే...”

“నువ్వు గూడ నార్మల్ అనే మూస్తుంటివి.”

ఈశ్వరమ్మ కుర్చీ ముందుకు జరిపింది. “అమ్మీ, ఆయప్ప అంతా బాగుందని చెప్తాండాడు కదా. బాగుందంటే కొట్లాడేదాన్ని నిన్నే చూస్తాండా.”

ఇక్కడ నార్మల్ అనే మాట గురించి ఒక సంగతి మనవి చేయాలి. స్కాన్ సెంటర్లలో రిపోర్టు ఎవరూ మొదటినుంచి రాయరు. అది కంప్యూటరులో ముందే రాసి ఉంటుంది. తల నార్మల్, వెన్ను నార్మల్, గుండె నార్మల్, అన్నీ నార్మల్. బిడ్డలో ఏదైనా వేరుగా ఉంటే డాక్టరు ఆ మాటను చెరిపి మరో మాట రాయాలి. చెరపడం శ్రమ. బయట వరండాలో కుర్చీలు నిండిపోయి ఉంటాయి. కనుక నార్మల్ అనేది ఆ గదిలో ఒక వార్త కాదు, ఒక అలవాటు.

హర్షిణి బల్ల దిగనంది. అరవలేదు, ఏడవలేదు. పొట్ట మీద జిగురు ఆరిపోతుండగా, చేతులు కట్టుకుని, సీలింగు ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది. “లోగోను ఎడమకు తెచ్చి మల్ల చూడున్రి సార్. బిడ్డ ఎటు పండుకుందో ముందుగాల చూసి, అటెన్క గుండె ఎటుందో చెప్పున్రి. నాకేం తొందర లేదు.”

“ఇది మీ సాఫ్ట్‌వేర్ కాదమ్మా.”

“ఎరికే సార్. సాఫ్ట్‌వేరయితె సోమవారం సరిజేసి పంపుదురు.”

డాక్టరు నిట్టూర్చి ప్రోబ్ మీది గీతను వేలితో తడిమి చూసుకున్నాడు. మీట నొక్కాడు. లోగో తన మూలకు తాను వెళ్లింది. బిడ్డ తల ఎటుంది, వెన్ను ఎటుంది అని మొదటినుంచి చూసుకుంటూ వచ్చాడు. ఈసారి రాగం లేదు. కాసేపటికి ఆయన ముఖంలో ఓపిక పోయి, దాని స్థానంలో శ్రద్ధ వచ్చింది. అది చూసి చైతన్య లేచి నిలబడ్డాడు.

“ప్రోబ్ సరిగ్గానే ఉందండీ,” అన్నాడు డాక్టరు. “బిడ్డ గుండె కుడి పక్కన ఉంది. కడుపు సంచి కూడా.”

“అంటే?”

“అంటే... లోపల అన్నీ అద్దంలో బొమ్మలా తిరిగి ఉంటే భయం లేదు. అలా ఉన్నామని తెలియకుండానే ముసలివాళ్లయిపోయినవాళ్లున్నారు. కొన్ని తిరిగి, కొన్ని తిరక్కుండా ఉంటేనే చిక్కు. గుండె గదులు, రక్తనాళాలు కలవాల్సిన చోట కలవవు. అప్పుడు పుట్టగానే ఆపరేషన్లు అవసరం కావచ్చు. మొత్తమా, సగమా అనేది నేను చెప్పలేను. పిండం గుండెను చూసే నిపుణులు వేరే ఉంటారు.” ఒక్క క్షణం ఆగాడు. “నార్మల్ అని రాసేసి ఉంటే మీరు వాళ్ల దగ్గరికి వెళ్లేవారే కాదు. సారీ అండి.”

“సారీ ఎందుకు సార్,” అంది హర్షిణి. “రీఓపెన్ చేసిన్రు. చాలు.”

మొత్తమా, సగమా. ఆఫీసులో రోజూ అరిచి చెప్పే మాట ఇప్పుడు ఆమె కడుపులో కూర్చుంది.

గచ్చిబౌలి దగ్గర రాంగ్ సైడులో వాళ్ల కారుకు ఎదురొచ్చిన బైకు మనిషి ఒకడు, తన దారికి అడ్డొచ్చినందుకు చైతన్యను కోపంగా చూసి పోయాడు. ఈశ్వరమ్మ వెనక సీట్లో ప్రొద్దుటూరుకు ఫోను కలిపి గొంతు తగ్గించింది. “ఏం చెప్పమంటావులే అక్కా. బిడ్డ గుండె తిరగబడిందంట.”

హర్షిణికి ఆ మాట వినపడింది. తెలుగులో తిరగబడటమంటే అటుది ఇటు కావడం ఒకటి, ఎదురు నిలవడం ఒకటి. రెండో అర్థం ఎక్కువగా కోడళ్ల విషయంలో వాడుకలో ఉంది. ఆ రోజు మొత్తంలో ఆమెకు నచ్చిన మాట అదొక్కటే.

“మనం అడక్కుండా ఉండుంటే...” అన్నాడు చైతన్య సిగ్నల్ దగ్గర.

“అడగకుంటె గుండె ఎడమకు పోతుండెనా?”

“కాదు. నిద్రన్నా పోయేవాళ్లం.”

ఆ ఒక్క కేసును హర్షిణి మళ్లీ తెరవలేదు.

నిపుణురాలి అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది. ఈలోగా ఈశ్వరమ్మ సొంత దర్యాప్తు ప్రారంభించింది. మొదట ఆమె అనుమానం కోడలి చేతి మీదికి వెళ్లింది. తరవాత ఉద్యోగం మీదికి మళ్లింది: కడుపుతో ఉన్న మనిషి పొద్దస్తమానం తెరను కుడి నుంచి ఎడమకు తిప్పుతుంటే లోపలున్న బిడ్డ చూడదా? చివరికి కింద గుడి దగ్గర సక్కుబాయి రూపంలో ఒక ప్రత్యక్షసాక్షి దొరికింది.

వాళ్లుండేది నల్లగండ్లలోని ఒక గేటెడ్ కమ్యూనిటీ. దానికో ఇటాలియన్ పేరుంది. దాన్ని వాచ్‌మన్ ఒకలా, క్యాబ్ డ్రైవర్లు ఒకలా పలుకుతారు. బిల్డరు పార్కింగుకు పోగా మిగిలిన స్థలంలో చిన్న వినాయకుడి గుడి కట్టించాడు. దాని చుట్టూ నడవడానికి చక్కని బాట ఉంది. బాట పక్కనే సెల్లారులోకి కార్లు దిగే ర్యాంపు ఉంది; చుట్టు తప్పుతుందని పైకొచ్చేవాళ్లూ దాన్నే వాడతారు. కార్లు హారన్ కొట్టకుండా వస్తాయి. ప్రదక్షిణంగా నడిచేవాళ్లకు అవి వీపు వెనకనుంచి వస్తాయి. అందుకని హర్షిణి మూడో నెల నుంచి, కార్లు ఎదురుగా కనపడేటట్టు, రెండో దిక్కున నడుస్తోంది. భజన మండలి పెద్ద సక్కుబాయి దీన్ని గమనించి, కమ్యూనిటీ వాట్సాప్ గుంపులో పేరు పెట్టకుండా, ఫ్లాటు నంబరు మాత్రం పెట్టి, సుతిమెత్తగా హెచ్చరించి ఉంది.

“అప్రదక్షిణం చేసినావంట!” అంది ఈశ్వరమ్మ ఆ సాయంత్రం. “సక్కుబాయమ్మ కళ్లారా చూసిందంట. దేవుని చుట్టూ ఉల్టా తిరిగితే బిడ్డ ఉల్టా తిరగదా? రేపటినుంచి నూటెనిమిది ప్రదక్షిణాలు మొక్కుకున్యా. సక్రమంగా తిరుగు, బిడ్డ సక్రమంగా తిరుగుతాది.”

“అత్తమ్మా, బిడ్డ గుండె ఎటుండాల్నో అయిదో వారంలనే ఖాయమైతదంట. నేను నడుసుడు మొదలువెట్టింది మూడో నెలల. అప్పటికే అయిపోయిన ముచ్చట.”

ఈశ్వరమ్మ ఆలోచించింది. “అయితే ఆ అయిదో వారంలో ఏం చేసినావు?”

“ఆఫీసుకు పోయిన.”

“అదే,” అంది ఈశ్వరమ్మ, కేసు తేలిపోయినట్టు. తర్వాత దగ్గరికొచ్చి కూర్చుంది. “సరే, తిరగబాకు. మొక్కుకున్యాను కాబట్టి నేనే తిరుగుతా. కానీ ఒక్క మాట విను. గురువారం ఏం చెప్పినా సరే, కిందెవరన్నా అడిగితే నార్మల్ అని చెప్పు. నలుగురి నోట్లో పడితే ఆ బిడ్డకు పుట్టకముందే పేరు పెడతారు.”

“చెప్ప.”

“అంత పంతమేమి మే నీకు?”

“పంతం గాదు. డాక్టర్ గూడ గదే చెప్పిండు, నార్మల్ అని. చెప్పి పంపిస్తుండె. మనం గూడ చెప్పినమనుకో, ఇగ ఎవరు చూస్తరు అత్తమ్మా, నా బిడ్డను?”

ఈశ్వరమ్మ లేచి వెళ్లి చెనిక్కాయలు ఒలిచింది, అవసరమైనదానికంటే చాలా ఎక్కువ.

ఎల్లేశానికి ఫోనులో చెబితే, ఆయన అడిగింది ఒకటే. “మొత్తం ఉల్టానా, సగమా?”

“తెల్వది నాయినా.”

వెనక టీవీ మోగుతోంది. “మొత్తమే అయితది తియ్యి,” అన్నాడు. “నీ బిడ్డ గద. సగం పని చెయ్యది.” తర్వాత టీవీ చప్పుడు పెంచాడు.

గురువారం చూసిన డాక్టరు పేరు సంయుక్త. స్కాన్ చేస్తున్నంతసేపూ మాట్లాడను, ఏమీ అనుకోవద్దని ముందే చెప్పింది, చెప్పినట్టే మాట్లాడలేదు. హర్షిణి లోగో మీదనే కన్నేసి పడుకుంది. అది ఒక్కసారి కూడా కదల్లేదు. తెర మీద నీలం, ఎరుపు రంగులు మెరిశాయి, ఆరిపోయాయి. చైతన్య గోళ్లు కొరికాడు. ఈశ్వరమ్మ పెదవులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. ఆ గదిలో ప్రదక్షిణానికి చోటు లేక ఆమె జపంతో సరిపెట్టుకుంది.

సంయుక్త ప్రోబ్ పక్కన పెట్టింది. “గుండె కుడి. కడుపు సంచి కుడి. కాలేయం ఎడమ. పెద్ద రక్తనాళాలు కూడా అటువి ఇటు.”

“ఏదన్న ఆగిందా మేడం?” హర్షిణి లేచి కూర్చుంది. “సగంల?”

“ఏదీ ఆగలేదు. మొత్తం తిరిగింది. గుండెలో నాలుగు గదులూ చక్కగా ఉన్నాయి, నాళాలన్నీ కలవాల్సిన చోటే కలిశాయి. అద్దంలో చూస్తే మీ గుండె, నా గుండె ఎలా ఉంటాయో అలా ఉంది.”

హర్షిణి నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎటో పోయి, దుపట్టాతో ముఖం కప్పుకుంది. చైతన్య ఆమె వీపు మీద చేయి వేసి, ఏమనాలో తెలియక, “క్లోజ్ చేద్దామా?” అన్నాడు. దుపట్టా కింద నుంచి ఆమె అవునన్నట్టు తలూపింది. వాళ్ల పరిచయంలో ఇది మొదటిసారి.

“ఎందుకట్ల తిరిగింది తల్లీ?” అని అడిగింది ఈశ్వరమ్మ. “మేం చేసిన తప్పేమన్నా ఉందా?”

“ఎవరి తప్పూ లేదమ్మా. బిడ్డ మొదట్లో ఇంత చిన్న బిళ్లలా ఉంటుంది. కుడీ ఎడమా రెండూ ఒకటే. దాని మధ్యలో ఒక చిన్న గుంట. ఆ గుంటలో కంటికి కనపడనంత సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు తిరుగుతుంది, గిర్రున, గడియారం ముల్లు తిరిగే దిక్కున.” సంయుక్త చూపుడువేలు కిందికి పెట్టి తిప్పి చూపించింది. “నిటారుగా నిలబడి తిరిగితే నీళ్లు సుడి తిరుగుతాయంతే. ఇవి కాస్త వెనక్కి ఒరిగి తిరుగుతాయి కాబట్టి గుంటలో నీళ్లు ఎడమకు పారతాయి. నీళ్లు ఎటు పారితే అది ఎడమ అని ఒంటికి తెలుస్తుంది. గుండె అప్పటికి తిన్నని గొట్టం. దాన్నిబట్టే అది ఒంపు తిరుగుతుంది. ఆ నూగు తిరక్కపోతే ఇంక చెప్పేవాళ్లుండరు. బొమ్మా బొరుసా వేసినట్టు, ఇటైనా అటైనా కావచ్చు. ఎలుక పిండాల్లో ఆ నీళ్లను ఎదురు పారించి చూశారు. అవయవాలు అటువి ఇటయ్యాయి.”

ఈశ్వరమ్మకు ఇందులో ఒక ముక్క తగిలింది. “గడియారం ముల్లు దిక్కున తిరుగుతాయా? అంటే ప్రదక్షిణంగా?”

“ఊఁ... ఒక రకంగా అంతే. మనం ఏ పక్కనుంచి చూస్తున్నామనేదాన్ని బట్టి...”

“ప్రదక్షిణమే!” ఈశ్వరమ్మ కోడలి వైపు తిరిగింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. “విన్యావా? కడుపులో బిడ్డ కూడా ప్రదక్షిణమే చేస్తాదంట. డాక్టరమ్మే చెప్తాంది.” మిగతా వాక్యం ఆమె వినలేదు. విజ్ఞానశాస్త్రం మీద ఆమెకు ఆ క్షణాన కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

సంయుక్త మరి రెండు విషయాలు చెప్పింది. ఇలాంటి నూగే ఊపిరితిత్తుల్లోనూ, ముక్కులోనూ ఉంటుంది. అదీ సరిగా ఆడకపోతే పుట్టగానే ఊపిరికి ఇబ్బంది కావచ్చు, తర్వాత ఎప్పుడూ జలుబు, దగ్గు ఉండవచ్చు. అందరికీ ఉండదు, కొందరికే. పుట్టాక చూడాలి. నగరంలో ఎవరికి లేదు జలుబు, అని చైతన్య అనబోయి మానుకున్నాడు.

“రెండోది ముఖ్యం. దీన్ని దాచకండి. రేపు ఈ బిడ్డకు అపెండిక్స్ నొప్పి వస్తే ఎడమ పక్క వస్తుంది. ఈసీజీ తీస్తే పట్టీలు అటువి ఇటు పెట్టాలి. తెలియని డాక్టరు గ్యాస్ అని మందిచ్చి పంపిస్తాడు. తల్లిదండ్రులు పక్కన లేనప్పుడు కూడా ఎవరో ఒకరు చెప్పగలగాలి. బంధువులకు, బడికి, ఇరుగుపొరుగుకి, అందరికీ తెలిసి ఉండాలి. దాస్తేనే ప్రమాదం.”

ఈశ్వరమ్మ వెలుగు కొంచెం తగ్గింది. తిరుగుప్రయాణంలో ఆమె ఎవరికీ ఫోను చేయలేదు.

సాయంత్రం అత్తాకోడళ్లు కిందికి దిగారు. ఒకరికి మొక్కు ఉంది, ఇంకొకరికి డాక్టరు చెప్పిన నడక ఉంది. గుడి ముందు భజన మండలి చాపలు పరుస్తోంది. సక్కుబాయి తాళాల జత పక్కన పెట్టి, ముఖం నిండా సానుభూతితో ఎదురొచ్చింది. ఆమె వెనక చాపల మీద మాటలు ఆగిపోయాయి.

“ఏమన్నరమ్మా దవాఖానల? అంతా నార్మలేనా?”

హర్షిణి నోరు తెరిచింది. ఆమెకంటే ముందు ఈశ్వరమ్మ పలికింది.

“నార్మల్ యాడిది? మొత్తం తిరగబడింది.”

సక్కుబాయి చేయి నోటి మీదికి పోయింది. ఈశ్వరమ్మ కొంగు నడుముకు దోపుకుని, పదో తరగతి మార్కులు చదివినట్టు చదవడం మొదలుపెట్టింది. “గుండె కుడి పక్క. కడుపు కుడి పక్క. కాలేయం ఎడమ పక్క. ఒక్కటంటే ఒక్కటి ఆగలేదు. పదివేలమందిలో ఒకరికి వస్తాదంట ఇట్ల. మీ బ్లాకులో ఎవరికన్నా ఉందా?”

“అయ్యో... లేదు గని... మరి ఏమన్న శాంతి గిట్ల జేపిస్తరా?”

“శాంతి ఎందుకు? బిడ్డ శాంతంగానే ఉంది. నువ్వు ఒకటి గుర్తుపెట్టుకో సక్కుబాయమ్మా. నీకు కడుపునొప్పొస్తే కుడి పక్క చూస్తారు. మా బిడ్డకొస్తే ఎడమ పక్క చూడాల. మేం ఇంట్లో లేకపోతే నువ్వే చెప్పాల. మీ వాట్సాప్‌లో పెట్టు. ఈసారి ఫ్లాటు నంబరొక్కటే కాదు, పేరు కూడా పెట్టు.”

సక్కుబాయి తల ఆడించింది. అది అవునో కాదో ఆమెకే తెలియలేదు. తాళాలు తీసుకుని చాప మీదికి వెళ్లిపోయింది.

“అత్తమ్మా,” అంది హర్షిణి.

“ఏం మాట్లాడబాకు. నా లెక్క తప్పుతాది.” ఈశ్వరమ్మ దండం పెట్టుకుని ప్రదక్షిణం మొదలుపెట్టింది. మొక్కు మొక్కే, బిడ్డ తిరగాల్సిన అవసరం తీరిపోయిందని దేవుడి బాకీ ఎగ్గొట్టే మనిషి కాదు ఆమె. హర్షిణి రోజూ నడిచే దిక్కున నడిచింది. అందువల్ల ఇద్దరూ గుడి వెనకాల ఒకసారి, ముందర ఒకసారి ఎదురుపడుతున్నారు.

“ఎదురు రాబాకు అమ్మీ.”

“మీరే ఎదురొస్తున్నరు అత్తమ్మా.”

మళ్లీ ముందర. “కాళ్లు గుంజుతాండాయా?”

“లేదు.”

మళ్లీ వెనకాల. అప్పుడే ర్యాంపులోంచి ఒక తెల్ల కారు, హారన్ లేకుండా, బాణం గుర్తుకు ఎదురుదిక్కున పైకొచ్చింది. ఈశ్వరమ్మ వీపు అటుంది. హర్షిణి ముఖం అటుంది. ఆమె చేయి పట్టుకుని లాగేసరికి ఈశ్వరమ్మ బాట అంచున ఉన్న గడ్డి మీదికి వచ్చిపడింది. కారు కీచుమంటూ ఆగింది.

ఈశ్వరమ్మ చీర సర్దుకుంది. కోడల్ని ఒకసారి చూసింది, కారును ఒకసారి చూసింది. గడ్డి మీంచి దిగి, కారుకు ఎదురుగా, బానెట్టుకు జానెడు దూరంలో నిలబడింది.

“కండ్లు కనపడవా నాయనా? బాణం ఎటుంది, నువ్వెట్ల వస్తాండావు?”

అతను అద్దం దించాడు. మెడలో ఇంకా ఆఫీసు కార్డు వేలాడుతోంది. “అందరూ ఇట్లే వస్తారాంటీ. అటు పోతే చుట్టు.”

“అందరూ వస్తే అదే రైటయిపోతాదా?”

భజన మండలి మొత్తం మెడలు తిప్పి చూసింది. కోడలు నడుము మీద చేయి పెట్టుకుని అత్తగారి పక్కన వచ్చి నిలబడింది. చూడ్డానికి ఇద్దరు, లెక్కకు ముగ్గురు. అతను ఒకసారి హారన్ కొట్టి చూశాడు, ఇంతకుముందు కొట్టవలసినది. ఎవరూ కదల్లేదు. చేసేదిలేక రివర్సు వేసి, ర్యాంపులో సగం దాకా దిగి, ఇంక వాళ్లు పోతారేమోనని ఆగాడు.

“సగంల ఆగొద్దు,” అంది హర్షిణి.

అతను మొత్తం దిగాడు.